ట్రాయ్ డీనీ: ఆ ఒక్క గోల్‌కు ముందూ తరువాతా

ఇంగ్లండ్‌లోని వాట్‌ఫర్డ్ ఫుట్‌బాల్ క్లబ్ మాజీ కెప్టెన్ ట్రాయ్ డీనీ గురించి ఎవరు రాసినా రెండు తేదీలను పక్కపక్కన పెట్టి రాస్తారు. మొదటిది 2012 జూన్ 25, అతనికి పది నెలల జైలు శిక్ష పడిన రోజు. రెండోది 2013 మే 12, లెస్టర్ సిటీ మీద ఆఖరి క్షణంలో అతను గోల్ కొట్టిన రోజు. జైలుకు వెళ్లాడు, తిరిగి వచ్చాడు, గోల్ కొట్టాడు, దాంతో పాత లెక్క చెల్లిపోయింది అన్నట్టుగా ఆ కథ నడుస్తుంది. డీనీ ఆటను ఏళ్ల తరబడి ఇష్టంగా చూసినవాడిగా నాకు ఈ కథనం మీద గట్టి అభ్యంతరమే ఉంది. ఆ గోల్ వల్ల ఎవరి గాయమూ మానలేదు, ఎవరి బాకీ తీరలేదు. అతని జీవితంలో నిజంగా చూడవలసినవి ఆ రెండు తేదీల నడుమ ఉన్న పదిన్నర నెలలూ, ఆ గోల్ తరువాత వాట్‌ఫర్డ్‌లో అతను ఆడిన ఎనిమిదేళ్లూ అని నేను నమ్ముతాను.

ముందుగా నేరం సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే అభిమానంతో రాసేవాళ్లు సాధారణంగా దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. 2012 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ నగరం నడిబొడ్డున, ఒక నైట్‌క్లబ్ బయట జరిగిన కొట్లాటలో డీనీ ఒక వ్యక్తిని తల మీద తన్నాడు. అదంతా కెమెరాల్లో నమోదైంది. కోర్టులో అతను నేరం ఒప్పుకున్నాడు. బంతిని తన్నడమే బతుకుతెరువుగా ఉన్న మనిషి, ఏళ్ల తరబడి సాధన చేసిన కాలితో మరో మనిషి తలను తన్నాడంటే, ఆ దెబ్బ ప్రాణం మీదకు రాకపోవడం ఇద్దరి అదృష్టమనే చెప్పాలి. తాగి ఉన్నాడు, దుఃఖంలో ఉన్నాడు అనే మాటలు అతని స్థితిని వివరిస్తాయే తప్ప చేసిన పనిని చిన్నది చేయవు. జైలు నుంచి వచ్చాక ఇచ్చిన ఇంటర్వ్యూలలో డీనీ కూడా ఆ శిక్ష తనకు తగినదేనని చెబుతూ వచ్చాడు. అతని మీద నాకున్న గౌరవం అక్కడి నుంచే మొదలవుతుంది.

దుఃఖం మాత్రం నిజమే. 1988లో పుట్టిన డీనీ బర్మింగ్‌హామ్ అంచున ఉన్న చెమ్స్‌లీ వుడ్ అనే శ్రామికుల కాలనీలో పెరిగాడు. తండ్రి జైలుకు వెళ్లి వస్తూ ఉండే మనిషి. అయినా కొడుకుకు ఆ తండ్రి అంటే ప్రాణం. 2012లోనే, డీనీకి శిక్ష పడక ముందే, ఆ తండ్రి క్యాన్సర్‌తో చనిపోయాడు. డీనీని బడి నుంచి పంపేశారు, ఏ సర్టిఫికెట్టూ లేకుండానే చదువు ముగిసింది. పదిహేనేళ్ల వయసులో ఆస్టన్ విల్లా క్లబ్ నాలుగు రోజుల ఎంపిక శిబిరానికి పిలిస్తే మొదటి మూడు రోజులు వెళ్లనే లేదు. తరువాత తాపీ పనిలో చేరి, ఇటుకలు పేరుస్తూ, వారాంతాల్లో చెమ్స్‌లీ టౌన్ అనే చిన్న జట్టుకు ఆడేవాడు. అలాంటి ఒక మ్యాచ్‌కు వోల్సాల్ క్లబ్ యువజట్ల బాధ్యుడు మిక్ హాల్సాల్ వచ్చాడు. అతను వచ్చింది డీనీ కోసం కాదు, ఆ మ్యాచ్‌లో ఆడుతున్న తన కొడుకును చూసుకోవడానికి. చెమ్స్‌లీ టౌన్ 11-4 తేడాతో గెలిచింది. అందులో ఏడు గోల్స్ డీనీవే, అదీ తాగి ఉన్న స్థితిలో. 2006 చివరలో వోల్సాల్ అతన్ని తీసుకుంది, 2010లో వాట్‌ఫర్డ్ కొనుక్కుంది.

ఈ ఏడు గోల్స్ ముచ్చటను సరదా కథగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో భయపెట్టే విషయం కనిపిస్తుంది. తాగి వచ్చినా ఏడు గోల్స్ కొట్టగలిగినవాడికి, తాగుడు ఆటకు అడ్డం కాదన్న నమ్మకం పద్దెనిమిదేళ్లకే కుదిరిపోయి ఉంటుంది. ఆ నమ్మకానికి గండి పడడానికి మరో ఐదారేళ్లూ, ఒక జైలు గదీ కావలసి వచ్చాయి.

జైలు అతని సొంత నగరంలోనిదే, విన్సన్ గ్రీన్ అని పేరుపడ్డ పాత జైలు. అక్కడ అతనెవరో తెలియనివాళ్లు తక్కువ. ఇంగ్లండ్ చట్టం ప్రకారం అప్పట్లో పది నెలల శిక్ష పడిన మనిషి అందులో సగం లోపల గడపాలి, మిగతా సగం షరతుల మీద బయట ఉండవచ్చు. ప్రవర్తన బాగుండి, ప్రమాదం లేదని అధికారులు నమ్మితే ఆ సగం కూడా పూర్తి కాకముందే, కాలికి ఎలక్ట్రానిక్ ట్యాగ్ కట్టి, రాత్రిపూట ఇల్లు కదలకూడదన్న నిబంధనతో వదులుతారు. డీనీ దాదాపు మూడు నెలలు లోపల ఉండి బయటికి వచ్చాడు. ఆటగాడన్న దయతో ఎవరో ముందే వదిలేశారని అప్పట్లో కొందరు అన్నారు గానీ, అది అదే శిక్ష పడిన మామూలు ఖైదీకీ వర్తించే లెక్కే.

ఈ ట్యాగ్ అనే వస్తువు ఇంగ్లీషు ఫుట్‌బాల్‌కు అంతకుముందే పరిచయం. మద్యం తాగి, అప్పటికే లైసెన్సు రద్దయి ఉండగా కారు నడిపినందుకు జైలుకు వెళ్లిన జెర్మెయిన్ పెన్నంట్, 2005లో బర్మింగ్‌హామ్ సిటీ తరఫున టాటెన్‌హామ్ మీద ఆడినప్పుడు అతని సాక్స్ కింద చీలమండకు ఆ ట్యాగ్ ఉంది. ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో అలా ఆడిన తొలి ఆటగాడు అతనే. వేల మంది చూస్తున్న మైదానంలో, టాకిల్ తగలగలిగిన చోట, శిక్ష ఇంకా ముగియలేదని గుర్తు చేసే ఒక ప్లాస్టిక్ పట్టీ. శిక్ష అనుభవిస్తూనే వృత్తి చేసుకోవడం ఎలా ఉంటుందో ఇంతకంటే సూటిగా చూపించే దృశ్యం నాకు ఇంకొకటి తెలియదు.

డీనీ లోపల ఉన్న కాలంలోనే వాట్‌ఫర్డ్ క్లబ్ మరో క్లబ్ అన్నంతగా మారిపోయింది. ఇటలీకి చెందిన పొజ్జో కుటుంబం క్లబ్‌ను కొన్నది. అతన్ని బాగా ఎరిగిన మేనేజర్ షాన్ డైచ్ పోయి, జాన్‌ఫ్రాంకో జోలా వచ్చాడు. ఆ కుటుంబానికే చెందిన ఊడినేజే, గ్రనాడా క్లబ్బుల నుంచి పెద్ద సంఖ్యలో ఆటగాళ్లు అరువు మీద దిగారు. జైల్లో ఉన్న ఒక స్ట్రైకర్‌ను, అప్పటికి రెండో శ్రేణి లీగ్‌లో ఓ మోస్తరుగా రాణించిన ఇరవై నాలుగేళ్ల కుర్రాడిని, కొత్త యజమానులు కాంట్రాక్టు రద్దు చేసి పంపేసినా అడిగేవాళ్లు లేరు. వాళ్లు ఆ పని చేయలేదు. సెప్టెంబరులో అతను మళ్లీ మైదానంలోకి దిగాడు. ఈ నిర్ణయంలో దయ ఎంతో, వ్యాపారం ఎంతో విడదీసి చెప్పడం కష్టం. చెడ్డపేరు వచ్చిన ఆటగాడిని అమ్మితే డబ్బు రాదు, ఆడించుకుంటే గోల్స్ వస్తాయి. అయినా తలుపు మూయకపోవడం వల్లే మిగతాదంతా సాధ్యమైంది గనుక, కారణం ఏదైనా ఆ నిర్ణయాన్ని నేను మెచ్చుకుంటాను.

అందరికీ అలా జరగదు. 2009 అక్టోబరులో మార్లన్ కింగ్ అనే ఆటగాడికి పద్దెనిమిది నెలల శిక్ష పడగానే విగన్ క్లబ్ అతని కాంట్రాక్టును రద్దు చేసింది. ప్రమాదకరంగా కారు నడిపి ఒక మనిషి చావుకు కారణమైనందుకు 2004లో ఆరేళ్ల శిక్ష పడిన లీ హ్యూస్‌ను అతని క్లబ్ వెస్ట్ బ్రామ్ వదిలించుకుంది. అయితే కింగ్‌ను మరుసటి ఏడాది కోవెంట్రీ తీసుకుంది, హ్యూస్‌ను 2007లో బయటికి రాగానే ఓల్డమ్ తీసుకుంది. ఇక్కడ నేను అందరికీ ఒకే న్యాయం చెప్పలేను. హ్యూస్ ఉదంతంలో ఒక ప్రాణం పోయింది. చట్టం విధించిన కాలాన్ని అతను పూర్తి చేశాడు గనుక పని చేసుకునే హక్కు అతనికి ఉందని నేను ఒప్పుకుంటాను. కానీ అతను గోల్ కొట్టి సంబరం చేసుకునే ఫొటో పోయిన మనిషి ఇంటివాళ్ల కంట పడితే వాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించకుండా ఆ హక్కు గురించి మాట్లాడడం నాకు చేతకాదు. పని చేసుకునే హక్కు వేరు, ఆరాధన పొందే హక్కు వేరు. ఫుట్‌బాల్‌లో ఈ రెండూ ఒకే జీతంలో కలిసి వస్తాయి, చిక్కంతా అక్కడే ఉంది.

జైలు మనిషిని మారుస్తుందనే మాటకు టోనీ ఆడమ్స్ జీవితం నిలబడే అభ్యంతరం. ఆర్సెనల్ కెప్టెన్‌గా ఉండగా, తాగి కారు నడిపి గోడను గుద్దినందుకు 1990 డిసెంబరులో అతనికి నాలుగు నెలల శిక్ష పడింది. సుమారు రెండు నెలల తరువాత బయటికి వచ్చాడు. ఆ సీజన్‌లో ఆర్సెనల్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ మాత్రమే ఓడి ఛాంపియన్ అయింది, కప్పు ఎత్తింది ఆడమ్సే. బయటి నుంచి చూస్తే అది కూడా అచ్చం డీనీ కథే: జైలు, పునరాగమనం, విజయం. కానీ ఆడమ్స్ తాగుడు ఆగలేదు. తాను మద్యానికి బానిసనని అతను అందరి ముందూ ఒప్పుకున్నది 1996లో, జైలు నుంచి వచ్చిన ఐదేళ్లకు పైగా గడిచాక. ఇలాంటి వ్యసనాల్లో పడ్డ క్రీడాకారుల కోసం అతను స్పోర్టింగ్ ఛాన్స్ అనే సంస్థను నెలకొల్పింది ఆ తరువాతే. కప్పులు గెలుస్తున్నంత కాలం లోపల ఏం జరుగుతోందో ఎవరూ అడగలేదు. విజయమే అతని జబ్బును కప్పిపెట్టింది.

అందుకే డీనీ విషయంలో గోల్స్ కంటే నాకు ముఖ్యంగా కనిపించేవి కొన్ని చిన్న పనులు. జైలు నుంచి వచ్చాక అతను, పదహారేళ్ల పిల్లలు రాసే జీసీఎస్ఈ పరీక్షలు రాశాడు. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు. వారం వారం మంచి జీతం వచ్చే వృత్తి ఆటగాడికి ఆ సర్టిఫికెట్లతో బతుకుతెరువు అవసరం ఏమీ లేదు. స్టేడియంలో తన పేరు పాడే జనం ఉన్న మనిషి, పుస్తకం ముందేసుకుని భిన్నాలూ వ్యాకరణమూ మొదటి నుంచి నేర్చుకోవడానికి కూర్చోవాలంటే, తనకు ఏం రాదో ముందు తనకు తాను చెప్పుకోవాలి. అలాగే మానసిక నిపుణుల దగ్గరకు వెళ్తున్నానని, తండ్రి మరణం గురించి, కోపం గురించి మాట్లాడుకోవడం నేర్చుకున్నానని అతను దాచకుండా చెప్పాడు. ఆడమ్స్‌కు ఐదేళ్లు పట్టిన పనిని డీనీ వెంటనే మొదలుపెట్టాడు. అతని కథలో కీలకం ఇదేనని నేను అనుకోవడానికి కారణం ఇది.

ఇక ఆ గోల్. దాన్ని తక్కువ చేయాలన్నది నా ఉద్దేశం కాదు, ఎన్నిసార్లు చూసినా నాకు ఊపిరి బిగబట్టినట్టే ఉంటుంది. ప్రీమియర్ లీగ్‌లోకి చేరడానికి జరిగే ప్లేఆఫ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్ అది. మొదటి మ్యాచ్ లెస్టర్ 1-0తో గెలిచింది, సొంత మైదానం వికరేజ్ రోడ్‌లో వాట్‌ఫర్డ్ 2-1 ఆధిక్యంలో ఉంది, మొత్తం లెక్క సమానం. తొంభై నిమిషాల తరువాత కలిపే ఇంజురీ టైమ్ కూడా ముగియబోతుండగా లెస్టర్‌కు పెనాల్టీ దొరికింది. ఆంథొనీ నొకార్ట్ కొట్టిన పెనాల్టీని వాట్‌ఫర్డ్ గోల్‌కీపర్ అల్మునియా కాలితో ఆపాడు. తిరిగి వచ్చిన బంతిని నొకార్ట్ మళ్లీ కొడితే మళ్లీ ఆపాడు. వాట్‌ఫర్డ్ ఆటగాడు కసెట్టి బంతిని అవతలికి తన్నాడు, అది కుడి అంచున సహచరుడు ఫొరెస్టియెరీకి చేరింది, అతను గోల్ ముందుకు ఎత్తి కొట్టాడు, జోనథన్ హాగ్ తలతో దాన్ని వెనక్కి దించాడు. పరుగెత్తుకుంటూ వచ్చిన డీనీ ఒక్క తాకుతో దాన్ని వలలోకి బాదాడు. పెనాల్టీ కొట్టిన క్షణం నుంచి ఇదంతా ఇరవై సెకన్ల పని. అతను చొక్కా విప్పి జనంలోకి దూకాడు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది డీనీ అప్పుడు ఉన్న చోటు. పెనాల్టీ గోల్ అయి ఉంటే సీజన్ ముగిసినట్టే. అలాంటి వేళ కూడా, బంతి తమవైపు వస్తే ఎక్కడ పడుతుందో ఊహించి, పరుగెత్తి, సరిగ్గా ఆ చోటికి చేరాడు. అదృష్టం అల్మునియా చేతికి వచ్చి ఉండవచ్చు, ఆ పరుగు మాత్రం డీనీ సొంతం. అయినా ఆ గోల్‌తో వాట్‌ఫర్డ్‌కు ప్రీమియర్ లీగ్ రాలేదన్న సంగతి చాలామంది మరిచిపోతారు. వెంబ్లీలో జరిగిన ఫైనల్‌లో క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో 1-0తో ఓడిపోయారు. కట్టుకథ అయితే అక్కడ కూడా డీనీయే గోల్ కొట్టి ఉండేవాడు. నిజ జీవితంలో అతను మరో రెండేళ్లు అదే లీగ్‌లో ఆడవలసి వచ్చింది.

ఆ రెండేళ్లే అతన్ని తీర్చిదిద్దాయి. జైలు నుంచి వచ్చిన సీజన్‌తో కలిపి వరుసగా మూడు సీజన్లలో ఇరవై, అంతకు పైగా గోల్స్ కొట్టాడు, వాట్‌ఫర్డ్ చరిత్రలో అంతకుముందు ఎవరూ చేయని పని అది. 2014-15లో కెప్టెన్‌గా ఆ జట్టును ప్రీమియర్ లీగ్‌లోకి తీసుకువెళ్లాడు. ఆ ఒక్క సీజన్‌లోనే జట్టుకు నలుగురు కోచ్‌లు మారారు. పైన ఉన్నవాళ్లు అలా మారిపోతుంటే డ్రెస్సింగ్ రూమ్‌ను కట్టుగా ఉంచవలసిన భారం కెప్టెన్ మీద ఎంత పడి ఉంటుందో ఊహించుకోవచ్చు. మూడేళ్ల క్రితం నైట్‌క్లబ్ బయట తనను తాను అదుపులో పెట్టుకోలేకపోయిన మనిషికి అది అప్పగించారు, అతను నిలబెట్టుకున్నాడు.

ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ టోర్నీ అయిన ఎఫ్‌ఏ కప్‌లో, 2019 సెమీఫైనల్‌లో వోల్వ్స్ మీద రెండు గోల్స్ వెనకబడి, ఒకటి తిరిగి సాధించాక, ఆఖరి నిమిషాల్లో వచ్చిన పెనాల్టీని డీనీయే తీసుకున్నాడు. పక్కకు చూసే ఉపాయాలేవీ పెట్టుకోకుండా బలంగా కొట్టి సమం చేశాడు, అదనపు సమయంలో జట్టు గెలిచింది. ఫైనల్‌లో మాంచెస్టర్ సిటీ 6-0తో చిత్తుగా ఓడించింది. 2020 ఫిబ్రవరి 29న, లీగ్‌లో 44 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని లివర్‌పూల్‌ను 3-0తో ఓడించినప్పుడు మూడో గోల్ అతనిదే. ఆ సీజన్ చివరన జట్టు కింది లీగ్‌కు పడిపోయింది. 2021లో చిన్ననాటి నుంచీ అభిమానించిన బర్మింగ్‌హామ్ సిటీకి వెళ్లేనాటికి వాట్‌ఫర్డ్ తరఫున 419 మ్యాచ్‌లు, 140 గోల్స్.

చట్టం మాటకొస్తే, బ్రిటన్‌లో 1974 నాటి నేరస్తుల పునరావాస చట్టం ప్రకారం కొంత కాలం మరో నేరం చేయకుండా గడిపితే పాత శిక్ష కాలం చెల్లినట్టు లెక్క. చాలా ఉద్యోగాలకు దరఖాస్తు చేసేటప్పుడు ఆ సంగతి చెప్పనక్కరలేదు. డీనీకి శిక్ష పడిన రోజుల్లో పది నెలల శిక్షకు ఆ గడువు పదేళ్లు. తరువాతి సవరణలతో అది బాగా తగ్గింది. తాపీ పనిలోనే ఉండిపోయి ఉంటే డీనీకి ఆ మౌనం దక్కేది. ఆటగాడికి అది దక్కదు, అతని గురించి రాసే ప్రతి వ్యాసంలోనూ, నేను ఇప్పుడు రాస్తున్న దీనిలోనూ, ఆ శిక్ష మళ్లీ మొదటికి వస్తుంది. అయితే తాపీ పని చేసుకునేవాడికి, జైలు నుంచి రాగానే పాత యజమాని పని చూపించి మళ్లీ పిలుస్తాడన్న భరోసా లేదు. మూడు నెలలు కనిపించకుండా పోయిన కూలీ కోసం ఎవరూ చోటు ఖాళీగా ఉంచరు. ఇరవై గోల్స్ కొట్టగలిగినవాడికి దొరికిన రెండో అవకాశాన్ని చూసి మన మనసు కరిగితే, గోల్స్ కొట్టలేని వాళ్లకు అది ఎందుకు దొరకడం లేదన్న ప్రశ్న కూడా అడగాలని నాకు బలంగా అనిపిస్తుంది. డీనీ ఒంటరిగా దీనికి జవాబు చెప్పలేడు గానీ, 2022లో బ్రిటన్ విద్యామంత్రికి బహిరంగ లేఖ రాసి, తనలాంటి నల్లజాతి పిల్లలకు తమ చరిత్ర కనిపించే పాఠాలు కావాలని కోరినప్పుడు, బడి నుంచి పంపేసిన ఆనాటి పిల్లవాడే అందులో మాట్లాడాడు.

2023 డిసెంబరులో నాలుగో శ్రేణి లీగ్‌లోని ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ అతన్ని ప్రధాన కోచ్‌గా నియమించింది. ఆరు మ్యాచ్‌లలో ఒక్కటీ గెలవలేదు. ఒక ఓటమి తరువాత తన ఆటగాళ్లనే అందరి ముందూ కటువుగా విమర్శించాడు. 29 రోజులకే క్లబ్ అతన్ని తీసేసింది. ఆ విమర్శ తప్పని నా అభిప్రాయం, గదిలో చెప్పవలసిన మాటను మైకుల ముందు చెప్పాడు. కోచ్‌గా అతనికి ఓర్పు ఇంకా రావాలి, ఆ పనిలో అతను ఇంకా కొత్తవాడే.